యా కొత్తపల్లె? సొంత రిజిస్ట్రీలు, లోపలి పేర్లు

నంద్యాల బస్టాండులో కొత్తపల్లెకు టికెట్ ఇమ్మంటే కండక్టరు వెంటనే కొట్టివ్వడు. ‘‘యా కొత్తపల్లెప్పా?’’ అని అడుగుతాడు. ఆత్మకూరు పక్క ఆ పేరుతో ఒక మండలమే ఉంది. ఆళ్లగడ్డ పక్క మాది ఉంది. అదే మాట ఆళ్లగడ్డలో ఆటో ఎక్కి అంటే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. అక్కడ కొత్తపల్లె అంటే మాదే. పేరు మారలేదు. అడిగిన చోటు మారింది, జవాబు మారింది.

పదేళ్లకు పైగా సర్వర్ల పనిలో ఉన్నాను. కంటైనర్ ఇమేజ్‌లను (ప్రోగ్రాముల మూటలను) సొంత రిజిస్ట్రీ (వాటిని దాచే సర్వరు) నుంచి దించుకోవడంలో నేను చూసిన చిక్కుల్లో చాలావాటికి మూలం కండక్టరు అడిగిన ఆ ప్రశ్నే. రిజిస్ట్రీ బాగానే ఉంటుంది, అందులో ఇమేజ్ ఉంటుంది, కేబులూ ఉంటుంది. రిజిస్ట్రీ పేరును ఎవరు అడిగారు, ఎవరిని అడిగారు అన్నది మాత్రం ఎవరూ చూడరు. వాడుకలో ఉన్న పద్ధతులను ఒకచోట పెట్టి, ఏది ఎక్కడ నిలబడుతుంది, ఏది ఎక్కడ కూలుతుంది అని చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

సొంత రిజిస్ట్రీ అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. 2013 మార్చిలో కంటైనర్లను తయారుచేసి నడిపే డాకర్ బయటికి వచ్చింది. తర్వాత కొన్నేళ్లు వాళ్ల రిజిస్ట్రీ డాకర్ హబ్ అన్నసత్రంలాగే నడిచింది. ఎవరు ఎన్నిసార్లు అడిగినా పెట్టింది. 2020 నవంబరులో హద్దు వచ్చింది. ఖాతా లేకుండా దించుకునేవాళ్లకు ఒక్కో ఐపీ చిరునామాకు ఆరు గంటల్లో 100, ఉచిత ఖాతాతో లాగిన్ అయితే 200. ఇంట్లో ఒక్కరే పనిచేసుకునేవాళ్లకు ఆ వంద చాలు. కాలేజీ ల్యాబులో లెక్క వేరు. అరవై కంప్యూటర్లూ ఒకే బయటి ఐపీ వెనక ఉంటాయి. ఒక్కో పిల్లవాడు రెండు ఇమేజ్‌లు దించుకుంటే 120. క్లాసు సగంలో ఉండగానే కోటా ఐపోతుంది. వెనక బెంచీలవాళ్లకు ఆ రోజు పాఠం లేనట్టే.

లైను బరువు కూడా చూడాలి. 400 ఎంబీ ఇమేజ్‌ను అరవై మంది దించుకుంటే 24 జీబీ. వంద ఎంబీపీఎస్ లైను మొత్తం దానికే ఇచ్చినా అరగంట దాటుతుంది. అదే 24 జీబీ ల్యాబులోని పెట్టె నుంచి గిగాబిట్ స్విచ్ మీదుగా వస్తే మూడు నాలుగు నిమిషాలు. ఇవి చాలవన్నట్టు బయటి పేర్లు మారిపోతుంటాయి కూడా. 2023లో, కంటైనర్లను అనేక మిషన్ల మీద నడిపించే కుబెర్నెటీస్ వాళ్లు తమ ఇమేజ్‌ల పాత చిరునామాను వదిలి కొత్త పేరుకు మారారు. ఫైర్‌వాల్‌లో పాత పేరు ఒక్కదాన్నే అనుమతించి ఉంచినవాళ్లు ఇబ్బంది పడ్డారు. 2025లో బిట్నామీ ఉచిత ఇమేజ్‌ల జాబితాను కుదించి పాతవాటిని ‘లెగసీ’ పేరు కిందికి తోసింది. మన పని మన చేతిలో ఉండాలంటే ఇమేజ్ మన దగ్గర ఉండాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

రిజిస్ట్రీ నిలబెట్టడం పూట పని. డాకర్ వాళ్లు రాసి 2021లో సీఎన్‌సీఎఫ్ అనే ఫౌండేషన్‌కు అప్పగించిన ‘డిస్ట్రిబ్యూషన్’ ఉంది. వీఎంవేర్ 2016లో ఓపెన్ సోర్స్ చేసిన ‘హార్బర్’ ఉంది. చిన్న ల్యాబుకు మొదటిది, విభాగాలు, అనుమతులు ఉన్న సంస్థకు రెండోది. అంతకు మించి దాని మీద చర్చ అక్కర్లేదు. రిజిస్ట్రీకి ఏ పేరు పెట్టాలి, ఆ పేరు అడిగిన ప్రతి మిషన్‌కూ సరైన జవాబు ఎలా అందాలి అన్నచోటే రోజులు గడిచిపోతాయి.

ఇమేజ్ పేరును డాకర్ ఎలా చదువుతుందో చాలామందికి ఎవరూ చెప్పలేదు. మొదటి అడ్డగీత వరకు ఉన్న ముక్కను తీసుకుంటుంది. అందులో చుక్క ఉందా, కోలన్ ఉందా, లేదా అది ‘లోకల్‌హోస్ట్’ అన్న మాటేనా? వీటిలో ఒకటి ఉంటే అది సర్వరు పేరు. ఏదీ లేకపోతే అది డాకర్ హబ్‌లో ఎవరిదో ఖాతా పేరు. అంటే మీ పెట్టెకు ‘రిజిస్ట్రీ’ అని ఒక్క మాట పేరు పెట్టి, ‘రిజిస్ట్రీ/పాఠం1’ కావాలని అడిగితే ఆ అడగడం మీ ల్యాబు దాటి డాకర్ హబ్ దాకా పోతుంది. అక్కడ ‘రిజిస్ట్రీ’ అనే ఖాతాలో ‘పాఠం1’ కోసం వెతుకుతుంది. ‘అనుమతి లేదు’ అని జవాబు వస్తుంది. పిల్లలు పాస్‌వర్డు తప్పనుకుని గంటసేపు దాన్నే మారుస్తారు. తప్పు పాస్‌వర్డులో లేదు, పేరులో చుక్క లేదు. అంతే.

ఇక అసలు ప్రశ్న, అడిగేది ఎవరు? కుబెర్నెటీస్ క్లస్టర్‌లో రెండు లోకాలు ఉంటాయి. కంటైనర్లు నడిచే పాడ్‌లు ఒక లోకం. పేరుకు ఐపీ చెప్పేదే డీఎన్‌ఎస్; పాడ్‌ల ప్రశ్నలకు అలా జవాబిచ్చేది కోర్‌డీఎన్‌ఎస్. 2018 చివర్లో వచ్చిన కుబెర్నెటీస్ 1.13 వెర్షన్ నుంచి అదే డీఫాల్ట్. ఆ పాడ్‌లను మోసే మిషన్లు, అంటే నోడ్‌లు, ఇంకో లోకం. ఇమేజ్‌ను దించేది పాడ్ కాదు. ఇమేజ్ దిగితే కదా పాడ్ పుట్టేది. నోడ్ మీద క్యూబ్‌లెట్ చెబితే కంటైనర్‌డీ గానీ, క్రయో గానీ దించుతుంది. అవి పేరును అడిగేది నోడ్‌కు తెలిసిన డీఎన్‌ఎస్‌ను. అంటే ఆ మిషన్ రెసాల్వ్.కాన్ఫ్ ఫైలులో ఏ సర్వరు రాసి ఉంటే దాన్ని.

కాబట్టి రిజిస్ట్రీని క్లస్టర్ లోపలే పెట్టి, ‘క్లస్టర్.లోకల్’తో ముగిసే సర్వీసు పేరును ఇమేజ్ ముందు తగిలిస్తే మామూలుగా అది పని చేయదు. ఇంట్లో మనం ‘చిన్నోడా’ అని పిలిచే పేరు పోస్టుమ్యాన్‌కు తెలియదు కదా. అది కూడా అలాంటిదే. దీని మీద రోజులు పోగొట్టుకున్న కుర్రవాళ్లను చూశాను. పాడ్ లోపలికి వెళ్లి పేరు అడుగుతారు, జవాబు వస్తుంది. ‘‘డీఎన్‌ఎస్ పనిచేస్తోంది కదన్నా’’ అంటారు. పనిచేస్తోంది, కానీ వేరేవాళ్లకు. నోడ్ మీదికి వెళ్లి అక్కడి నుంచి అడిగి చూడాలి. నేను ఎవరికి ఈ పని నేర్పినా మొదట చేయించేది ఇదే.

ఇంకో చిక్కు ఉంది. దీన్ని పుస్తకాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఒక ఇమేజ్‌ను దించుకోవడానికి ఒక్క పేరు తెలిస్తే చాలదు, ఒక్కోసారి మూడు తెలియాలి. మిషన్ ముందు రిజిస్ట్రీ తలుపు తడుతుంది. రిజిస్ట్రీ 401 అని జవాబిస్తూ, ఫలానా చోటికి పోయి టోకెన్ తెచ్చుకో అంటుంది. ఆ చోటు పేరు వేరే కావచ్చు. టోకెన్‌తో తిరిగొస్తే మ్యానిఫెస్ట్ ఇస్తుంది. అందులో పొరల జాబితా, ఒక్కో పొరకు షా256 వేలిముద్ర ఉంటాయి. ఆ పొరలను అడిగితే కొన్ని రిజిస్ట్రీలు తామే ఇవ్వవు. ఫలానా స్టోరేజీ దగ్గరికి పో అని 307తో దారి మళ్లిస్తాయి. అది మూడో పేరు. మొదటి పేరొక్కటే లోపలి డీఎన్‌ఎస్‌లో పెట్టి, ఫైర్‌వాల్‌లో దానికొక్కదానికే దారి ఇచ్చి, లాగిన్ అయ్యింది, మ్యానిఫెస్ట్ వచ్చింది, పొరల దగ్గర ఆగిపోయింది అని తల పట్టుకున్న రాత్రి నాకూ ఉంది. సగం దాకా వచ్చి ఆగే పుల్ (ఇమేజ్ దించుకోవడం) కనిపిస్తే నెట్ స్లో అనుకోవద్దు. మూడో పేరు వెతకండి.

ఇక పద్ధతుల సంగతి. అన్నిటికన్నా పాతది హోస్ట్స్ ఫైలు. ప్రతి మిషన్‌లో ఐపీ, పేరు చేత్తో రాయడం. ఇంటర్నెట్‌కు ముందటి అర్పానెట్ రోజుల్లో నెట్‌వర్కు మొత్తానికీ అలాంటి ఫైలు ఒక్కటే ఉండేది. అమెరికాలో ఎస్‌ఆర్‌ఐ వాళ్లు దాన్ని నిర్వహించేవారు. మిషన్లు పెరిగి అది మోయలేని బరువైతే 1983లో పాల్ మోకాపెట్రిస్ డీఎన్‌ఎస్ రూపొందించాడు. అంటే హోస్ట్స్ ఫైలుతో నడిపే ల్యాబు 1983కు ముందు కాలంలో ఉన్నట్టే. మూడు మిషన్లకైతే నేనూ అదే చేస్తాను, తప్పేమీ లేదు. అరవై మిషన్లలో రాశాక రిజిస్ట్రీ ఐపీ మారితే, యాభై తొమ్మిదింట్లో మార్చి ఒకటి మర్చిపోతాం. పరీక్ష రోజున ఒక బిడ్డ ఆ ఒక్కదాని ముందే కూర్చుంటుంది.

రెండోది నోడ్‌పోర్ట్ ఉపాయం. రిజిస్ట్రీని క్లస్టర్‌లో పెట్టి, ప్రతి నోడ్‌లోనూ ఒక పోర్టు తెరిచి, ‘లోకల్‌హోస్ట్’ పేరుతోనే దించుకోవడం. పేరు గొడవ లేదు, సర్టిఫికెట్ గొడవా లేదు. నేర్చుకునేటప్పుడు హాయిగా ఉంటుంది. కానీ ఆ క్లస్టర్ బయట ఆ ఇమేజ్ పేరుకు అర్థమే ఉండదు. ఇవాళ రాసిన కుబెర్నెటీస్ ఫైలు రేపు ఇంకోచోట చెల్లదు.

మూడోది చాలామంది చేసే పొరపాటు, నచ్చిన తోకతో పేరు కల్పించుకోవడం. ‘.లోకల్’ అని పెడతారు. ఆ తోక 2013 నుంచి ప్రమాణం ప్రకారం మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌ది. చాలా ఉబుంటు డెస్క్‌టాప్‌లు అలాంటి పేర్లను అసలు డీఎన్‌ఎస్ సర్వరును అడగనే అడగవు. పక్క మిషన్లను కేకేసి, ఎవరూ పలక్కపోతే లేదని తేల్చేస్తాయి. సర్వరు మీద పనిచేసిన పేరు పిల్లల డెస్క్‌టాప్ మీద పనిచేయకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ‘.డెవ్’ పెట్టుకున్నవాళ్లకు ఇంకో అనుభవం. ఆ తోకను గూగుల్ తీసుకుంది. 2017 చివర్లో క్రోమ్ బ్రౌజరు ఆ తోక ఉన్న ప్రతి పేరుకూ హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి చేసింది. రాత్రికి రాత్రి లోపలి సైట్లు తెరుచుకోవడం ఆగిపోయింది. ఊరి పోరంబోకులో గుడిసె వేసుకున్నవాడికి ఉండే భయం ఇలాంటి పేర్లకు ఎప్పుడూ ఉంటుంది. పట్టా మనది కాదు.

2024 జూలైలో ఇంటర్నెట్ పేర్లను చూసే సంస్థ ఐకాన్ ‘.ఇంటర్నల్’ అనే తోకను ఎప్పటికీ ఎవరికీ అమ్మకుండా లోపలి వాడకానికే కేటాయించింది. ఇది మంచి పని, ఆలస్యంగా వచ్చింది. కానీ దాంతో సగం సమస్యే తీరుతుంది. ఏ గుర్తింపు ఉన్న సంస్థా ఆ పేరుకు సర్టిఫికెట్ ఇవ్వదు, ఎందుకంటే అది ఎవరి సొత్తూ కాదు. అప్పుడు మన సర్టిఫికెట్ అథారిటీని మనమే తయారుచేసి, దాని మూల సర్టిఫికెట్‌ను ప్రతి నోడ్‌లోనూ పెట్టాలి. ఒక్క నోడ్‌లో మర్చిపోతే ‘తెలియని అథారిటీ సంతకం’ అని ఎర్ర అక్షరాలు వస్తాయి. ఆ ఎర్ర అక్షరాలకు విసిగి, భద్రత లేని రిజిస్ట్రీగా ఒప్పుకో అని ఒక వరుస రాసి చేతులు దులుపుకుంటారు. ఇది నేను ఒప్పుకోను. దారిలో ఎవరైనా నకిలీ రిజిస్ట్రీ పెట్టి పాత ట్యాగు పేరుతోనే వేరే ఇమేజ్ చేతిలో పెడితే మన మిషన్ కళ్లు మూసుకుని నడిపిస్తుంది. ట్యాగు ఒక చీటీ మాత్రమే, ఎవరైనా మార్చి అంటించవచ్చు.

నాకు నచ్చినది, ఎవరు సలహా అడిగినా నేను చెప్పేది నాలుగోది. ఏడాదికి కొన్ని వందల రూపాయలు పెట్టి నిజమైన డొమైన్ ఒకటి కొనుక్కోవడం. దాని కింద రిజిస్ట్రీకి ఒక పేరు పెట్టి, ఆ పేరుకు లోపలి డీఎన్‌ఎస్‌లో మాత్రమే ఐపీ ఇవ్వడం. దీన్ని స్ప్లిట్ హొరైజన్ అంటారు. ఆళ్లగడ్డలో అడిగితే ఒక జవాబు, నంద్యాలలో అడిగితే ఇంకోటి లేదా ఏమీ లేకపోవడం. పేరు మన సొత్తు కాబట్టి లెట్స్ ఎన్‌క్రిప్ట్ దగ్గర సర్టిఫికెట్ దొరుకుతుంది. మన సర్వరు బయటికి కనిపించనక్కర్లేదు. వాళ్లు చెప్పిన అక్షరాలను బయటి డీఎన్‌ఎస్‌లో ఒక టెక్స్ట్ రికార్డుగా పెట్టి చూపిస్తే చాలు. నోడ్‌లలో ఏదీ అదనంగా పెట్టే పని లేదు. ఒక్క జాగ్రత్త, అలా తీసుకున్న ప్రతి సర్టిఫికెట్ పేరూ అందరూ చూడగలిగే పారదర్శక చిట్టాల్లోకి ఎక్కుతుంది. రహస్యంగా ఉంచాల్సిన ప్రాజెక్టు పేరును డొమైన్ పేరులో పెట్టొద్దు. ఇంకోటి, 2029 నాటికి సర్టిఫికెట్ల గరిష్ఠ ఆయుష్షు 47 రోజులకు తగ్గబోతోంది. క్యాలెండరులో గుర్తు పెట్టుకుని చేత్తో మార్చే కాలం అయిపోతోంది. ఇప్పుడే ఆటోమేటిక్‌గా పెట్టుకోవడం మేలు.

ఇంత చక్కగా పెట్టుకున్నదీ ఎలా కూలుతుందో ఒక ల్యాబులో చూశాను. కాలేజీ పేరు అక్కర్లేదు. లోపలి డీఎన్‌ఎస్‌కు పాత డెస్క్‌టాప్ ఒకటి కేటాయించి డీఎన్‌ఎస్‌మాస్క్ నడుపుతున్నారు. రౌటరులో డీహెచ్‌సీపీ ద్వారా ప్రతి మిషన్‌కూ రెండు డీఎన్‌ఎస్ చిరునామాలు వెళ్తున్నాయి, మొదట లోపలిది, తర్వాత గూగుల్ వారి 8.8.8.8. ‘‘మొదటిదానికి తెలియకపోతే రెండోదాన్ని అడుగుతుంది కదన్నా’’ అని అక్కడి ల్యాబ్ అసిస్టెంటు అన్నాడు. అందరూ అనుకునేది అదే. వాస్తవం అది కాదు. మొదటిది ‘అలాంటి పేరు లేదు’ అంటే అదే తీర్పు, మిషన్ రెండోదాన్ని అడగదు. మొదటిది అసలు నోరెత్తకపోతే రెండోదాని దగ్గరికి పోతుంది.

వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ల్యాబులోని కొత్త మిషన్లు అర నిమిషంలో లేచాయి. డీఎన్‌ఎస్ నడిపే పాత డెస్క్‌టాప్ డిస్కు తనిఖీలో పడి నాలుగు నిమిషాలు తీసుకుంది. ఆ నాలుగు నిమిషాల్లో మిషన్లన్నీ మొదటి సర్వరు పలకడం లేదని రెండోదానికి మారాయి. ఉబుంటులోని సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ ఒకసారి మారితే, ఆ రెండోది పలుకుతున్నంతసేపూ అక్కడే ఉంటుంది. 8.8.8.8 చక్కగా పలుకుతూనే ఉంది. మన రిజిస్ట్రీ పేరుకు మాత్రం ‘లేదు’ అంటోంది. ఆలస్యంగా ఆన్ చేసిన మిషన్లలో ఇమేజ్‌లు దిగాయి, ముందు లేచినవాటిలో దిగలేదు. ఆ అబ్బాయి కేబుళ్లు మార్చాడు, స్విచ్ మార్చాడు. మేము ఫోన్లో గంటన్నర మాట్లాడాక, దిగని మిషన్‌లో ఇప్పుడు ఏ సర్వరును అడుగుతోందో చూడమన్నాను. నిశ్శబ్దం. తర్వాత ‘‘ఎనిమిదులన్నా’’ అన్నాడు.

రెండో చిరునామాగా బయటి సర్వరును పెట్టడం బ్యాకప్ కాదు. అది వేరే లోకానికి దారి. బ్యాకప్ కావాలంటే అవే జవాబులు తెలిసిన ఇంకో లోపలి సర్వరు పెట్టాలి. అక్కడ రాస్ప్‌బెర్రీ పై ఒకటి రెండోదిగా పెట్టి, రెంటినీ యూపీఎస్‌కు కలిపాము. బయటి పేర్లను అవే ముందుకు పంపి కనుక్కుంటాయి. ‘లేదు’ అన్న జవాబును కూడా మిషన్లు కాసేపు గుర్తుపెట్టుకుంటాయని మర్చిపోకూడదు. డీఎన్‌ఎస్ బాగుచేశాక కూడా కొన్ని నిమిషాలు పుల్ విఫలం కావచ్చు. దానికి తోడు క్యూబ్‌లెట్ ప్రతి వైఫల్యం తర్వాతా ఆగే సమయాన్ని పెంచుకుంటూ ఐదు నిమిషాల దాకా పోతుంది. ఇమేజ్‌పుల్‌బ్యాక్ఆఫ్ అని తెర మీద కనిపిస్తుంటే, బాగైపోయిన దాన్ని మళ్లీ కెలికి పాడుచేసినవాళ్లు ఉన్నారు. ఓపిక పట్టాలి, లేదా పాడ్‌ను తీసేసి మళ్లీ పుట్టనివ్వాలి.

క్లౌడ్‌లో ఇదే కథ పెద్ద ఎత్తున జరుగుతుంది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో తన రీజియన్ తెరిచింది. దాని సంకేతం ‘ఏపీ-సౌత్-2’. అందులో ఏపీ అంటే ఆసియా పసిఫిక్. అక్కడి ఈసీఆర్ రిజిస్ట్రీకి మన ఖాతా సంఖ్యతో మొదలయ్యే పొడవాటి పేరు ఉంటుంది. ఇంటర్నెట్ దారి లేని సబ్‌నెట్‌లో నోడ్‌లు పెట్టి, ప్రైవేట్ ఎండ్‌పాయింట్ తీసుకుని, దానికి ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆన్ చేస్తే, అదే పేరు లోపల అడిగినప్పుడు లోపలి ఐపీగా, బయట అడిగినప్పుడు బయటి ఐపీగా పలుకుతుంది. ఇమేజ్ పేరులో అక్షరం మార్చనక్కర్లేదు. మూడు పేర్ల సంగతి ఇక్కడా ఉంది. ఏపీఐకి ఒక ఎండ్‌పాయింట్, డాకర్ సంభాషణకు ఇంకోటి, పొరలు ఉండేది ఎస్3లో కాబట్టి దానికి మూడో దారి. మూడోది మర్చిపోతే పొరల దగ్గరే ఆగుతుంది. టోకెన్ 12 గంటలే చెల్లుతుంది. ఇవాళ పొద్దున చేసిన లాగిన్‌తో రాత్రి పుల్ జరగకపోతే డీఎన్‌ఎస్‌ను తిట్టొద్దు.

పెద్ద సంస్థలు కూడా జాగ్రత్తగా చూసుకోవాల్సిన ఉచ్చు ఒకటుంది. కోర్‌డీఎన్‌ఎస్ కూడా ఒక కంటైనరే, దానికీ ఇమేజ్ కావాలి. ఆ ఇమేజ్ సొంత రిజిస్ట్రీలో ఉండి, నోడ్‌లకు కూడా రిజిస్ట్రీ పేరు చెప్పాల్సింది కోర్‌డీఎన్‌ఎస్సే అయితే, అంతా ఒకేసారి ఆగిన రోజున ఏదీ లేవదు. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసినట్టే. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు మాయమైంది. నెట్‌వర్కు తెగడంతో డీఎన్‌ఎస్ సర్వర్లు అందకుండా పోయాయి. బాగుచేయడానికి ఇంజనీర్లు వాడే లోపలి పరికరాలు కూడా ఆ డీఎన్‌ఎస్ మీదే ఆధారపడి ఉండటంతో పని ఇంకా ఆలస్యమైంది. అందుకే రిజిస్ట్రీ పేరు చెప్పే డీఎన్‌ఎస్ క్లస్టర్ బయట, మామూలు మిషన్ మీద, మామూలు సర్వీసుగా ఉండాలని నేను పట్టుపడతాను.

ఇమేజ్‌లను నోడ్‌లే ఒకదానికొకటి పంచుకునే డ్రాగన్‌ఫ్లై, క్రాకెన్, స్పెగెల్ లాంటివీ ఉన్నాయి. వందల నోడ్‌లు ఉన్నవాళ్లకు అవి వరం. మన ల్యాబులకు ఇప్పుడే అక్కర్లేదు.

ఇదంతా సరిచేశాక మళ్లీ ఆ ల్యాబుకు పోయినప్పుడు రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి ఒకతె నన్ను ఆపింది. ‘‘ల్యాబులో దిగిన ఇమేజ్ ఇంటి దగ్గర ఎందుకు దిగదు సార్?’’ అంది. వాళ్లది ఆళ్లగడ్డ దాటాక పల్లె. ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసుకుంటుంది. అక్కడ ఆమె ల్యాప్‌టాప్ అడిగేది టెలికాం కంపెనీ డీఎన్‌ఎస్‌ను. దానికి ల్యాబు రిజిస్ట్రీ పేరు తెలియదు. లోపలి ఐపీని బయటి డీఎన్‌ఎస్‌లో పెడితే పేరు పలుకుతుంది కానీ, ఆ 192.168 చిరునామా ఆమె ఇంట్లో ఇంకో పరికరానిది కావచ్చు. వీపీఎన్ పెట్టొచ్చు, కానీ రోజుకు ఒకటిన్నర జీబీ డేటాతో నడిచే ఇంట్లో 400 ఎంబీ పుల్‌ను చేయమని నేను చెప్పలేకపోయాను. ల్యాబులో డాకర్ సేవ్ చేసి ఇమేజ్‌ను ఫైలుగా మార్చుకోవడం, పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోయి ఇంట్లో లోడ్ చేసుకోవడం చూపించాను. పేరు అలాగే ఉంటుంది, చుక్కతో సహా. ఇమేజ్ ముందే మిషన్‌లో ఉంటే డాకర్ ఆ పేరును ఎవరినీ అడగదు.

ఆమె బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. 8 జీబీది. అందులో అక్క పెళ్లి ఫోటోలున్నాయంది. ఖాళీ ఎంతుందో ఇద్దరం కలిసి చూశాం. సరిపోయింది.